రికార్డుల బాబాయి పాస్‌వర్డు

"ఇవాళ మీటింగులో నా మొహం మళ్ళీ బిగుసుకుపోయిందో, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

పొద్దున్నే మేనేజరు అలా అనేసరికి నెట్‌వర్కు చూసే కుర్రాయన సర్వరు దగ్గరకు పరుగెత్తాడు. పైఆఫీసుతో వీడియో మీటింగు పదకొండింటికి. ఉన్న ఇంటర్నెట్టంతా సిబ్బంది సినిమాలకీ బట్టల బేరాలకీ తాగేస్తున్నారు. ఒకరు చూసిన పేజీని దాచి రెండోవారికి వడ్డించే ప్రాక్సీ సర్వరు మాత్రం ఎంతకని ఆదుకుంటుంది? అందుకే పదింటికల్లా కట్టుదిట్టం చేశాడు. ఎవరి పేరుతో లాగిన్ అయితే వారికి గ్లాసుడు నెట్టే కోటా. మేనేజరుగారి పేరుకు మాత్రం బిందెలకొద్దీ.

పదకొండూ అయిదుకు మేనేజరు తెర మీద నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయాడు.

కుర్రాయన గబగబా సర్వరు లెక్కలు చూశాడు. ఆఫీసు మొత్తానికీ నెట్టు వాడుతున్నది ఒకే ఒక్కరు: రికార్డుల గది బాబాయి. మౌసు ముట్టుకుంటే షాకు కొడుతుందని ఆమడ దూరంలో కూర్చునే మనిషి! పరుగున వెళితే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఫైళ్ళకు దారం కడుతున్నాడు.

"బాబాయ్, సినిమాలు చూస్తున్నారా?"

"ఏ హాల్లో నాయనా?"

అక్కడే ఉన్న టైపిస్టు అక్కకు నవ్వాగలేదు. "ఎవరి పాస్‌వర్డు వాళ్ళకి గుర్తుంటేగా తమ్ముడూ! ఆఫీసు ఇచ్చింది కదా, పోకూడదని బాబాయి తనది గోడ మీద రాసిపెట్టారు. అందరం అదే కొడతాం."

"అందరూ అంటే?"

"మేనేజరుగారితో సహా."

అంటే నలభై మంది ఒకే గ్లాసులో మూతులు పెట్టారన్నమాట. ఈ సంగతి మేనేజరు మొహం మీద చెప్పే ధైర్యం కుర్రాయనకు లేదు. గుట్టుచప్పుడు కాకుండా బాబాయి పేరుకు కోటా హద్దు ఎత్తేశాడు. మేనేజరు మొహం కదిలింది, కుర్రాయన ఉద్యోగం నిలిచింది. నెలాఖరుకు పైఆఫీసు వాడకం వివరాలు అడిగితే ఉన్నవి ఉన్నట్టు పంపి ఊపిరి పీల్చుకున్నాడు.

వారంలో ఉత్తర్వు వచ్చింది. రోజుకు మూడువందల ఇరవై గంటలు కంప్యూటరు మీద శ్రమిస్తున్న బాబాయిని పైఆఫీసు మెచ్చుకుని, కంప్యూటర్ల విభాగానికి పెద్దను చేసింది. ఇకపై కుర్రాయన ఆయన చేతి కింద పనిచేయాలి.

బాబాయి కొత్త కుర్చీలో కూర్చుని తెర వంక బిత్తరచూపులు చూశాడు. రాసుకున్న గోడ పాత గదిలోనే ఉండిపోయింది మరి.

"నాయనా, నా పాస్‌వర్డు ఏంటోయ్?"

కుర్రాయన నోరు తెరిచేలోపే ఆఫీసంతా ఒక్క గొంతుతో చెప్పింది, అందరికంటే ముందు మేనేజరుగారు.