రేకు కోడికి కాపలా

ఆ శుక్రవారం కనకలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు హర్షిణిని ఇంటర్వ్యూకి పంపాలి, మేడ మీద ఎండిన మిరపకాయలు దించి లింగంపల్లి స్టేషన్ రోడ్డులో ఉన్న గిర్నికి తీసుకుపోవాలి, కారం పట్టించుకొచ్చి కాసేపు నడుం వాల్చాలి. మే నెల ఎండలో ఇంతకు మించి ఆశ పెట్టుకునే మనిషి కాదామె. ఏ పని తలపెట్టినా ముందు అది ఎలా చెడిపోతుందో ఊహించుకొని, చెడిపోయినందుకు బాధపడి, ఆ బాధ తీరాకే పని మొదలుపెడుతుంది. ఆ ఉదయం కూడా తన మిరపకాయలు గిర్నిలో ఎవరివో పసుపుకొమ్ములతో కలిసిపోయినట్టు అనుకొని, ఆ దుఃఖం ముగించుకొని, కూతురికి జడ వేస్తోంది.

హర్షిణి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా ఆ పిల్ల టీవీ ముందు నుంచి లేస్తే ఒట్టు. హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన ఒక కంపెనీ వీడియో గేములకు బొమ్మలు తయారు చేస్తుందట. ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళు ఫలానా రోబోల ఆట ఆడి రావాలని చెప్పారట. అందుకని క్యాసెట్ల షాపు చెన్నకేశవులు దగ్గర ఆట డబ్బాను కిరాయికి తెచ్చి టీవీకి తగిలించింది.

"అమ్మా, జర ఇటు చూడు," అంది హర్షిణి, చెప్పుల్లో కాళ్ళు పెడుతూనే. "ఆట ఆఖరి దర్వాజా దాకా వచ్చింది. బస్సు టైమైంది గనక గిట్లనే ఆపి పెట్టి పోతున్న. ఇయ్యాల నెగ్గితే రేపు రెండో రౌండు ఉంటది. ఈ నలుగురు ఆఖరికి ఏమైతరో అండ్ల అడుగుతరు. సాయంత్రం వచ్చి మిగిలింది ఆడి చూస్త. అందాక డబ్బా బంద్ కావద్దు. బంద్ అయిందంటే మళ్ళా మొదటికెల్లి ఆడాలె. నాతోని కాదు."

"టీవీ?"

"టీవీ బంద్ చేసినా ఏం కాదు. డబ్బానే పైలం."

కనకలక్ష్మి టీవీలోకి చూసింది. ఒక ఉక్కు పిల్లవాడు గుమ్మం దాటబోతూ ఒంటికాలి మీద ఆగిపోయి ఉన్నాడు. వాడి వెనక నలుగురు నిలబడి వాడినే చూస్తున్నారు.

"వీళ్ళెవరే?"

"సైడు క్యారెక్టర్లమ్మా. వాడు హీరో. హీరోను జపాన్‌ల చేసుకుంటరు. సైడోళ్ళ పని మా కంపెనీకి ఇచ్చిన్రు."

"అంటే హీరోను మన చేతికియ్యరా?"

"కొత్త కంపెనీ గదమ్మా. ఆ సైడోళ్ళ పనికే ఎక్స్‌పీరియెన్సు ఉన్నదా అని అడుగుతరంట. నాకదే భయం. నేను యాడికెల్లి తేవాలె ఎక్స్‌పీరియెన్సు?"

ఆ భయాన్ని తల్లి చేతిలో పెట్టి హర్షిణి బస్సుకు పరుగెత్తింది. భయాలను భద్రపరచడంలో ఆ ఇంట్లో కనకలక్ష్మిని మించినవారు లేరు.

ఆమె టీవీ ఆపలేదు. ఆపినా ఏమీ కాదని కూతురు చెప్పిన మాట నిజమే కావచ్చు. కానీ కంటికి కనబడకపోతే లోపల వాళ్ళు ఉన్నారో పోయారో ఎలా తెలుస్తుంది? పీట లాక్కొని ఎదురుగా కూర్చుంది. చూడగా చూడగా ఆ నలుగురూ ఎవరికి వారుగా తెలిసి వచ్చారు. బొజ్జ నిండా నూనె పోసుకున్న డబ్బా మనిషి ఒకడు. బోల్టులు గుడ్లుగా పెట్టే రేకు కోడి ఒకటి. గోడకు ఆనుకొని, ఎవరి మీదో తెలియదు కానీ అలిగి నిలబడ్డ పొడుగాటి వాడొకడు. నాలుగో ఆమె ముసలి రోబో. భుజాన కట్టెల మోపులా విడి చేతులు వేసుకొని ఉంది. ఉక్కు పిల్లవాడు ప్రతి పోరులోనూ చేయి విరగ్గొట్టుకొని వస్తాడు, ఈమె మారు మాట్లాడకుండా కొత్త చేయి తగిలిస్తుంది. రెండు రోజులుగా కనకలక్ష్మి వంటింట్లోంచి ఇదే చూస్తోంది.

"నీకన్న జర కూసోమని చెప్పేటోళ్ళు లేరా అవ్వా," అంది టీవీతో. అప్పుడే గుర్తొచ్చింది, రోజూ పన్నెండింటికి కరెంటు పోతుందని.

కరెంటు పోయినట్టు, హర్షిణి మొదటి నుంచి ఆడుతూ సొమ్మసిల్లినట్టు, రేపు ఇంటర్వ్యూలో నోరు మెదపలేక తిరిగొచ్చినట్టు, అప్పట్నుంచి అన్నం మానేసినట్టు వరసగా కళ్ళ ముందు కనబడింది. లేచి వీధిలోకి పరుగెత్తింది.

పక్కింట్లో ఆ రోజు సుబ్బమ్మ కూతురు సౌజన్య నిశ్చితార్థం. సుబ్బమ్మ వాళ్ళది కడప వైపు. భర్త ఓబులేసు నల్లగండ్లలో ప్లాట్లు అమ్ముతాడు. వీధికి అడ్డంగా టెంటు వేశారు. లైన్‌మన్ మొగిలి నిచ్చెనెక్కి ఆ టెంటుకు కరెంటు లాగుతున్నాడు.

"మొగిలీ, ఇయ్యాల కరెంటు తియ్యకు బిడ్డా!"

"నేను తీస్తనా అక్కా? సబ్‌స్టేషన్‌ల తీస్తరు."

"మా హర్షిణి కొలువు టీవీల ఆగి ఉన్నది. హైటెక్ సిటీ పని. కరెంటు పోతే అంతా పోతది!"

ఆ రోజుల్లో హైటెక్ సిటీ అన్న మాటకు, వివరం అడగకుండానే మనుషులను నిచ్చెన దింపే శక్తి ఉండేది. మొగిలి దిగాడు.

"పరేషాన్ కాకు అక్కా. సబ్‌స్టేషన్‌ల మా బామ్మర్ది ఉన్నడు. మన లైను ఇడిచిపెట్టి పక్క లైను తియ్యమంట. కానీ ఒక్క మాట. మన ట్రాన్స్‌ఫార్మర్ ముసల్ది. గల్లీ గల్లీ ఒక్కపారే కూలర్లు, మోటార్లు ఏసుకుంటే ఫ్యూజు కొట్టేస్తది. నేనేం జెయ్యలేను."

పన్నెండు దాటింది. కరెంటు పోలేదు. ఆ వీధిలో అది ఎవరూ ఎరగని వింత. ఏ తల్లి కన్న బిడ్డ పుణ్యమో అనుకుంటూ జనం కూలర్లు పెంచారు, నీళ్ళ మోటార్లు వేశారు, రుబ్బాల్సినవీ అక్కర్లేనివీ కూడా రుబ్బడం మొదలుపెట్టారు. టీవీలో బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయింది. రేకు కోడి సగం చీకట్లో కలిసింది.

కనకలక్ష్మి చెప్పులు కూడా వేసుకోకుండా ఇల్లిల్లూ తిరిగింది. "జర కూలర్ బంద్ చెయ్యున్రి, మా బిడ్డ హైటెక్ సిటీ కొలువు ఆగమైతది," అన్నదే ఆమె అన్న మాట. అంతకు మించి ఒక్క అక్షరం కలపలేదు. కలిపే పని వీధి చూసుకుంది. ఆమె మూడో ఇంటికి చేరేసరికి హైటెక్ సిటీ వాళ్ళ కంప్యూటరే కనకలక్ష్మి ఇంట్లో ఉందన్న కబురు ముందే వచ్చి కూర్చుంది. వీధి చివరికి పోయేసరికి అది ఆగితే అక్కడ బిల్డింగు బిల్డింగే ఆగిపోతుందని, ఆమెకే ఎవరో చెప్పారు. ఆమె కూడా అదిరిపడింది.

మొత్తానికి అందరూ కూలర్లు ఆపి, విసనకర్రలు పట్టుకొని అరుగుల మీదికి వచ్చారు. కరెంటు పోయిన పక్క వీధిలోనూ అంతా అలాగే కూర్చున్నారు. రెండు వీధులకూ తేడా అల్లా, ఈ వీధిలో కరెంటు ఉంది.

ఇక మిగిలింది నిశ్చితార్థం టెంటు. అందులో నాలుగు పెద్ద ఫ్యాన్లు, ఒక మైకు సెట్టు. నిజానికి ఓబులేసు జనరేటర్ తెప్పించాడు. ఇవాళ కరెంటు పోదని మొగిలి చెప్పగానే అనవసరంగా ఎందుకని దాన్ని తిప్పి పంపేశాడు. ఆ సంగతి విన్నాక కనకలక్ష్మి టెంటు బయట చాలాసేపు తచ్చాడి, చివరికి సుబ్బమ్మ కొంగు పట్టుకుంది.

"ఏమక్కా, పెండ్లికొడుకోళ్ళు వచ్చి కూచ్చోనుంటే ఫ్యాన్లు ఆపమంటాండావా?" అంది సుబ్బమ్మ. "యాడన్నా ఉండాదా ఈ చోద్యం! ఉక్కకి వాళ్ళు లేసిపోతే నా బిడ్డ గతేం గావల్ల?"

"నా బిడ్డ గతి సుత గదే సుబ్బమ్మా," అని కనకలక్ష్మి అక్కడే కూలబడింది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఓపిక లేదు.

సుబ్బమ్మ ఆమెను చూసింది, టెంటులో కూర్చున్న సౌజన్యను చూసింది. ఆ పిల్ల డిగ్రీ గట్టెక్కింది హర్షిణి చెప్పిన పాఠాలతోనే. "సరేలే, ఏడవాకు. మీ హర్షిణి నాకు పరాయిదా? ఏమయ్యా, ఆ ఫ్యాన్లు ఆపు. వాళ్ళకేం జెప్పుకుంటావో నువ్వే జెప్పుకో," అని భర్తకు అప్పగించింది.

ఓబులేసు రాళ్ళ గుట్టను చూపించి పూలతోట అని నమ్మించగల మనిషి. పెళ్ళికొడుకు మేనమామ నరసింహమూర్తి పక్కన చేరాడు.

"మా ఈదిలో కరెంటే పోదు సార్. ఇది హైటెక్ లైను. నల్లగండ్లలో మన ప్లాట్లకీ ఇదే వస్తాది."

"మరి ఫ్యాన్లు ఆగిపోయెనే?"

"ఆగిపోలేదు సార్, ఆపినాము. కరెంటు ఉండాది గాబట్టే ఆపినాము. లేకుంటే ఆపేదానికి ఏముంటాది చెప్పు?"

నరసింహమూర్తి ఆ మాటలో తప్పెక్కడుందో వెతికి, చెమట తుడుచుకొని, "ఆ హైటెక్ పనేందో సూపీప్పా," అన్నాడు. మైకు కూడా ఆపేయడంతో పురోహితుడి మంత్రాలు ఆ వీధిలో మొదటిసారి మంత్రాల్లా వినిపించాయి. తాంబూలాలు మార్చుకోవడం కాగానే మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు, వీధి వాళ్ళు కలిసి కనకలక్ష్మి ఇంటికి వచ్చారు.

కంప్యూటరున్న గదిలోకి చెప్పులతో పోకూడదని అప్పట్లో అందరికీ తెలుసు. గుమ్మం ముందు విడిచి, చేతులు కట్టుకొని లోపల నిలబడ్డారు. టీవీలో నలుగురు కదలకుండా వీళ్ళను చూశారు. టీవీ బయట నలభై మంది కదలకుండా వాళ్ళను చూశారు. ఎవరికో తుమ్ము వస్తే బయటికి పోయి తుమ్మి వచ్చారు.

అంతలో చెన్నకేశవులు తన ఆట డబ్బా కోసం వచ్చాడు. "ఏంది అక్కా, పొద్దుగాల్నే తెచ్చిస్తనన్నది పాప. వేరే గిరాకీ..." అంటూ లోపలికి తొంగిచూసి, నోరు తెరిచాడు. కనకలక్ష్మి ఆ తెరిచిన నోటికి నిశ్చితార్థం లడ్డూ అందించింది. లడ్డూ నములుతూ అతను జనాన్ని చూశాడు, తన డబ్బాను చూశాడు. ముఖంలోకి మెల్లగా గౌరవం వచ్చింది.

"మిషన్ మనదే," అన్నాడు పక్కనున్న నరసింహమూర్తితో. మిగతా సంగతి ఏదీ చెప్పలేదు.

నాలుగింటికి హర్షిణి వీధి మలుపు తిరిగేసరికి తమ గుమ్మం ముందు చెప్పుల కుప్ప కనబడింది. తన ఇంటి ముందు అన్ని చెప్పులు చూస్తే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. పైగా ఆమె కనకలక్ష్మి కూతురు. "అమ్మా!" అని కేక వేసి జనాన్ని తోసుకుంటూ లోపలికి దూరింది. తల్లి బతికే ఉంది, పీట మీద, కరెంటు తీగ మీద చేయి వేసి.

"ఏమైందే?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"కొలువొచ్చిందమ్మా," అంది హర్షిణి.

"రేపటి రౌండు?"

"అది సుత ఇయ్యాలనే పెట్టిన్రు."

"మరి ఆఖరికి ఏమైతరో అడగలేదా? నువ్వు ఆడి చూడకపాయె!"

"వచ్చినోళ్ళందరికీ ఆఖరు సీను వాళ్ళే చూపించిన్రమ్మా, గోడంత తెర మీద. చూపించినంకనే అడిగిన్రు."

కనకలక్ష్మి కూతుర్ని చూసింది, టీవీని చూసింది, తనకోసం చెమటలో తడిసిన నలభై మందినీ చూసింది. ఈలోగా కొలువొచ్చిందన్న మాట మాత్రం నోటి నుంచి నోటికి గుమ్మం దాటి వీధిలో పడింది. ఇక పట్టపగ్గాలు లేవు. ఒక్కసారిగా కూలర్లు తిరిగాయి, మోటార్లు మోగాయి, టెంటులో నాలుగు ఫ్యాన్లూ లేచాయి. ఎవరో కుర్రాడు మైకు వేసి "హలో, హలో" అన్నాడు.

స్తంభం మీద ఢాం అని పేలింది.

టీవీలో నలుగురూ ఒక్క చుక్కగా ముడుచుకుపోయి, ఆ చుక్క కూడా పోయింది. గదిలో అందరూ పరామర్శకు వచ్చినవాళ్ళలా కనకలక్ష్మి వైపు తిరిగారు.

"హైటెక్ లైనంటివి గదప్పా?" అన్నాడు నరసింహమూర్తి.

"అందుకే గదా సార్, ఇంతసేపుండె," అన్నాడు ఓబులేసు.

అందరూ వెళ్ళిపోయారు. చెన్నకేశవులు డబ్బాను పసిపిల్లలా రెండు చేతులతో ఎత్తుకుపోయాడు. తల్లీ కూతుళ్ళు గడప మీద గాలి కోసం కూర్చున్నారు.

"వాళ్ళు ఆఖరికి ఏమైన్రే?" అంది కనకలక్ష్మి.

"ఎవరు?"

"చేతుల అవ్వ, కోడి, నూనె డబ్బాయన, ఆ అలిగినోడు."

"ఏం కాలేదమ్మా. హీరో దర్వాజా దాటి పోతడు. వాళ్ళు ఆడనే నిలబడి ఉంటరు. పేర్లు పడుతయి, అయిపోతది."

"కూసోరా?"

"కూసోరు."

కనకలక్ష్మి కొంగుతో విసురుకుంటూ, "మరి ఆడ నీ పనేంది?" అంది.

"పొద్దుగాల్నుంచి సాయంత్రం దాకా తెర ముందట కూసొని ఆ నలుగురిని చూసుడే. సక్కగ నిలబడ్డరా, ఏడన్న మాయమైతున్నరా అని. ఎక్స్‌పీరియెన్సు ఉన్నదా అని అడగనే అడిగిన్రు. లేదన్న."

కనకలక్ష్మి నడుం పట్టుకొని లేచింది. మిరపకాయలు ఇంకా మేడ మీదే ఉన్నాయి.

"ఇంట్ల ఉన్నదని చెప్పకపోయినవా," అంది, మెట్లు ఎక్కుతూ.