ఆయిల్ తేలేదాకా బండి కదలదు

డీజిల్ ట్రక్కులో యాత్రకు వెళ్ళడం కంటే, అందులో ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలో తేల్చుకోవడమే గొప్ప యాత్ర! నేను అయిదు నెలలు ఆ యాత్రలోనే గడిపాను. బండి ఇంటి ముందు నుంచి అంగుళం కూడా కదల్లేదు. అది వేరే విషయం.

మా ఆవిడ ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపింది. ఒకటే రూటు. చివరి స్టాపు రాగానే బస్సు తిప్పుకుని వెనక్కి రావాలి. రిటైరైన రోజున, "ఒక్కసారైనా వెనక్కి తిప్పక్కర్లేని రోడ్డు మీద నడపాలండీ," అంది. నేను భూగోళం మాస్టారిని. కొండలకు అవతలున్న సరస్సును ముప్పై రెండేళ్ళు బోర్డు మీద సుద్దముక్కతో గీసినవాణ్ణి. "పద" అన్నాను. పాత డీజిల్ ట్రక్కు కొన్నాం. వెనక మంచం, స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము బిగించాం. స్టీరింగ్ ఆవిడది, పరిశోధన నాది.

మంచు పడి కనుమ దారి మూసేలోగా దాటాలి. మిగిలింది ఆయిల్ మార్చడమే.

వీధి చివర మెకానిక్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, ఒక్క ముక్కలో తేల్చేశాడు. "పదిహేను డబ్ల్యూ నలభై గ్రేడు, డీజిల్ ఇంజిన్‌ది పోస్తే చాలు మాస్టారూ. మధ్యాహ్నానికి బయల్దేరొచ్చు."

చూశారా అజ్ఞానం! ఒక్క ఊపిరిలో చెప్పేసేది జ్ఞానం ఎలా అవుతుంది? చేతులకు అంత మసి అంటుకున్నవాడికి చదువుకునే తీరిక ఎక్కడిది?

అందుకే ట్రక్కు యాత్రికుల గ్రూప్‌లో చేరాను. తొమ్మిది వేల మంది! అడ్మిన్‌ను అందరూ ఆయిల్ గురువు అంటారు. నా ప్రశ్నకు గంటలో నూట నలభై జవాబులు. సింథటిక్ ఆయిల్ పోస్తే ఇంజిన్ నా తర్వాత కూడా బతుకుతుందని ఒకరు. పాత ఇంజిన్‌కు సింథటిక్ పోస్తే రబ్బరు సీళ్ళ దగ్గర కారడం మొదలవుతుందని ఇంకొకరు. చలికి పలచటి అయిదు డబ్ల్యూ అని ఒకాయన, కొండెక్కేటప్పుడు అది నీళ్ళైపోతుందని మరొకాయన. ఆ ఇద్దరూ చివరికి ఒకరి పెంపకాన్ని ఒకరు ప్రశ్నించుకున్నారు. ఆయిల్ గురువుగారు మాత్రం శాంతంగా, పాత ఆయిల్ ముందు ల్యాబ్‌కు పంపమన్నారు. పంపాను. నా రక్తపరీక్షకు డాక్టరు రాసిచ్చిన చీటీ ఇంకా జేబులోనే ఉంది. ఆయిల్ రిపోర్టు మాత్రం లామినేషన్ చేయించాను!

ఇక లాభాలంటారా? ఆరేళ్ళుగా మాటల్లేని మా బావమరిది ఫోన్ చేసి, "మామూలు మినరల్ ఆయిలే పోసెయ్ బావా!" అని అరిచి పెట్టేశాడు. బంధుత్వం నిలబడిందా లేదా? ఆ అయిదు నెలల్లో మా ట్రక్కుకు ఒక్క పంక్చర్ లేదు, ఒక్క గీత పడలేదు. ఇంత భద్రమైన యాత్ర ఇంకెవరు చేశారో చెప్పండి!

మా ఆవిడకే ఇవేవీ ఎక్కలేదు.

"ఏమండీ, ఇంకో రెండు వారాల్లో దారి మూసేస్తారు."

"మూస్తే వచ్చే ఏడాది తెరవరా?"

"దారి తెరుస్తారు. నా కన్ను సంగతే... డాక్టరు చెప్పింది మీరూ విన్నారుగా. వచ్చే ఏడాది నాకు లైసెన్సు ఇవ్వరు."

నేను ఫోన్‌లోంచి తలెత్తకుండా, "అయిదు డబ్ల్యూ వైపే మొగ్గు కనిపిస్తోంది," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

మర్నాడు ఉదయం నేను శాంపిల్ సీసాల కోసం ఆయిల్ షాపుకు వెళ్ళి వచ్చేసరికి ఇంటి ముందు బండి లేదు. అది నిలబడ్డ చోట పొడి నేల, చుట్టూ పెరిగిన గడ్డి. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పొద్దున్నే అక్క వచ్చింది మాస్టారూ. ఆయిల్ పోసిచ్చాను. వాళ్ళ పాత కండక్టర్ ఆవిడని పక్కన ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మీతో చెప్పమంది."

"ఏం చెప్పమంది?"

"అదే, వెళ్ళానని."

మూడో రోజు ఫోన్ చేసింది. కనుమ దాటేశారట! గాలి హోరులో నవ్వుతూ, "సరస్సు మీరు గీసినట్టు లేదండీ. చాలా పెద్దది," అంది.

"ఇంజిన్ ఎలా ఉంది?"

"బాగుంది. నేనూ బాగున్నాను."

ఫోన్ పెట్టేశాక గ్రూప్‌లో అడిగాను, మనలో ఆ కనుమ దాటినవారెవరని. తొమ్మిది వేల మందిలో సాయంత్రం దాకా ఒక్కరూ ఉలకలేదు. చివరికి ఆయిల్ గురువుగారు నాకు విడిగా రాశారు: "మాస్టారూ, మీ దగ్గర దాపరికం ఎందుకు? నాకు బండి లేదు."

నాకుంది. అయినా ఆయనకూ నాకూ తేడా ఏమిటి? ముప్పై రెండేళ్ళు పిల్లలకు వర్ణించిన చోటు నిజంగా ఎదురొస్తే, నాకేమీ తెలియదని తేలిపోతుందేమోనని భయం. భయమని ఒప్పుకోవడానికి సిగ్గేసి, దానికో గ్రేడు నంబరు తగిలించాను.

నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. "కండక్టరమ్మ ఇంటికి వచ్చేస్తోందండీ. పక్క సీటు ఖాళీ. చుట్టుదారిన సరస్సు దాకా బస్సుంది, రేపు పదకొండింటికి. ఎక్కుతారా?"

"ఎక్కుతాను."

అప్పటినుంచీ ఏ సీటు మంచిదో ఆలోచిస్తున్నాను. కిటికీ పక్కదా, నడవ పక్కదా? ముందు చక్రం మీదా, వెనక చక్రం మీదా? పాఠకుల్లో అనుభవజ్ఞులుంటే...

వద్దు. దయచేసి ఎవరూ ఏమీ రాయకండి. ఇప్పటికే పదిన్నర అయింది.