కొండకు అటూ ఇటూ కాపురం

ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలను ఒకే ఊళ్ళో ఉంచడమంత పాపం ఇంకొకటి లేదు! ఈ మాట ఆవేశంలో అనడం లేదు. నిన్నగాక మొన్న నల్లమల అడవిలో సైకిలు తోసుకుంటూ, తీరిగ్గా ఆలోచించి మరీ అంటున్నాను.

నమ్మకం కలగడం లేదా? అయితే మా సంగతి వినండి. నేనూ మా ఆవిడ సీతారత్నమూ ఒకే శాఖలో గుమాస్తాలం. శాఖ పేరు చెప్పను, నా ప్రమోషను ఇంకా రావలసి ఉంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరం ప్రత్తిపాడు ఆఫీసులోనే, పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళం. ఇంట్లో మొదలైన పోట్లాట ఆఫీసులో పూర్తయ్యేది. పైవాళ్ళు చూసి జాలిపడ్డట్టున్నారు. పాప ఇంకా పాకుతున్న రోజుల్లోనే సీతారత్నాన్ని శ్రీశైలం ప్రాజెక్టు దగ్గర సుండిపెంటకు వేశారు. నన్ను ప్రత్తిపాడు మిరపకాయల ఘాటుకే వదిలేశారు. ఇప్పుడు పోట్లాడాలన్నా నడుమ నల్లమల అడ్డం!

"భార్యాభర్తలను వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలని రూలుందండీ" అని పైఆఫీసులో సూపరింటెండెంటు శేషాచలం గారికి మనవి చేసుకున్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "వీలైనంతవరకు అని ఉంది కదయ్యా! వీలు కాలేదు" అన్నారు. ఇంత సూటిగా రూలును వివరించగల అధికారులు మనకెంతమంది ఉన్నారు?

నెలకోసారి వెళ్తూనే ఉన్నాను. బస్సు ఆదివారం నన్ను పాప పడుకున్నాక దించుతుంది, సోమవారం ఆఫీసు వేళకని పాప లేవకముందే ఎక్కించుకుంటుంది. పిల్లల అల్లరి లేని సంసారం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి!

కిందటి వారం సీతారత్నం ఆఫీసు ఫోనులో, "ఏమండీ, పాప నాన్న ఏడీ అని అడుగుతోంది. వీధిలో పిల్లలందరికీ ఉన్నారట. అది మేలుకుని ఉండగా ఒక్కసారి రండి" అంది. ఆ పిల్ల నా మొహం చూసి నాన్నా అంటే వినాలని ప్రాణం కొట్టుకుంది. సోమవారానికి కడుపునొప్పి అని సెలవు పెట్టాను. తీరా బయలుదేరబోతే బస్సుల సమ్మె!

సమ్మె మాత్రం తక్కువ మేలా? దానివల్లే కదా శనివారం రాత్రి నల్లపాడులో నా పాత సైకిలును రైలు సామాన్ల పెట్టెలో వేయించి, తెల్లవారేసరికి మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగాను. అక్కణ్ణుంచి మెట్టచేలు, పత్తి, ఎదురుగాలి. ఎదురుగాలి లేని సైకిలు ప్రయాణం ఏం ప్రయాణం!

ఒక్కడే సైకిలు మీద కొండవైపు పోతుంటే మన జనం ఊరుకుంటారా? దోర్నాల రాకముందే యలమందయ్య అనే రైతు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏందయ్యా, ఒంటిగా కొండకి బయల్దేరావు? ఏం మొక్కు?"

"మొక్కేం లేదండీ. మా ఆవిడ అక్కడుంది."

"అలిగిపోయిందా?"

"లేదండీ, ట్రాన్స్‌ఫరు."

"ఏదో ఒకటిలే. కాళ్ళు పట్టుకో, వచ్చుద్ది" అని గట్టిగా ధైర్యం చెప్పాడు. పక్కచేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఇక ఎవరడిగినా మొక్కేనని చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మొక్కు అంటే మనవైపు ఏమవుతుందో తెలుసుగా? కొండకు పోలేనివాళ్ళు పోయేవాడి చేతికి టెంకాయ ఇస్తారు. కాదనకూడదు. దోర్నాల టీకొట్టు దగ్గర పిచ్చమ్మ అనే ముసలమ్మ ఇంట్లోకి పోయి ఒకటి తెచ్చి, "మిరపకి ముడతొచ్చింది నాయనా, మల్లన్నకి నా మాటగా చెప్పు" అంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు పత్తికి తెల్లదోమ పట్టిందని, మరొకరు బోరు ఎండిందని తెచ్చారు. ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి ప్రకాశం జిల్లా వ్యవసాయ సమస్యలన్నీ గోనెసంచిలో నా క్యారియరు ఎక్కాయి. గేర్లు లేని సైకిలు మీద ఇంతకు మించిన వ్యాయామం ఏ విదేశీయుడైనా కనిపెట్టాడా?

చెక్‌పోస్టు పక్కన బోర్డు ఉంది: 'ఇది పులుల అభయారణ్యం. నిదానముగా వెళ్ళుడు.' నిదానంగా వెళ్ళే విషయంలో నాకు హెచ్చరిక అక్కర్లేదు. నన్నే సాహెబ్ అనే ఫారెస్టు గార్డు మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. మొక్కు అన్నాను. వెంటనే చెయ్యి దించాడు.

"మొక్కంటే ఆపలేను స్వామీ. ఎలుగ్గొడ్డు కనపడితే బెల్లు కొట్టు" అన్నాడు. తరువాత అటూ ఇటూ చూసి, తన గదిలోంచి ఒక టెంకాయ తెచ్చాడు. "మా ఇంటోళ్ళు దాచేపల్లిలో ఉన్నారు. నాలుగేళ్ళయింది. నా ట్రాన్స్‌ఫరు గురించి మీ దేవుడి చెవిన ఒక మాట వెయ్యి."

ఆ టెంకాయను సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాను.

ఎక్కేటప్పుడు తోసుకుంటూ, దిగేటప్పుడు కళ్ళు మూసుకుంటూ కొండలు దాటాను. బ్రేకులు పేరుకే ఉన్నాయి. తుమ్మలబైలు దగ్గర ఆగి కుండలో నీళ్ళు తాగాను. చుట్టూ మద్దిచెట్లు, లోపలెక్కడో నెమలి కూత. బాగుందండీ, అబద్ధం ఎందుకు! పక్కన సీతారత్నం లేదే అని ఏడుపు కూడా వచ్చింది. ఒకే ఊళ్ళో ఉంటే భార్య కోసం అడవిలో ఏడ్చే భాగ్యం దక్కేదా?

శిఖరం దాటాక ఒక దారి గుడికి, ఒక దారి సుండిపెంటకు. పొద్దు వాలిపోతోంది, పాప పడుకునే వేళ దగ్గరపడుతోంది. స్వామివారికి ట్రాన్స్‌ఫర్లు లేవు, రేపు పొద్దున కూడా అక్కడే ఉంటారు. నిజానికి భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట శాశ్వతంగా పోస్టింగు దొరికింది, నాకు తెలిసి, భ్రమరాంబా మల్లికార్జునులకే! కష్టం తెలియని దంపతులని మనసులో అనుకుని, తప్పయిందని లెంపలు వేసుకుని, సుండిపెంట వైపు తిరిగాను.

క్వార్టర్సుకు చేరేసరికి ఇళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి. పాప మేలుకునే ఉంది! గుమ్మం ముందు ఆడుకుంటున్నదల్లా ఆగి నన్ను చూసింది. నన్నూ, నా గడ్డాన్నీ, దుమ్మునూ, టెంకాయల సంచినీ పరీక్షగా చూసి లోపలికి పరుగెత్తింది. నాన్న వచ్చాడని చెప్పడానికే అనుకుని, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకానించాను.

పాప గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా తెచ్చింది. ఆ దారిన కొండకు నడిచిపోయేవాళ్ళకు నీళ్ళివ్వడం తల్లి నేర్పిందట.

"తాగు స్వామీ" అని, గ్లాసు నాకిచ్చి దండం పెట్టింది.

సీతారత్నం వెనకే వచ్చి నిలబడిపోయింది. "మీ నాన్నే! పిలువమ్మా" అంది.

పాప నన్ను మరోసారి చూసి, "నాన్న కాదు, స్వామి" అంటూ తల్లి కొంగు వెనక్కు పోయింది.

చూశారా! రోజూ ఇంట్లో పడి ఉండే తండ్రులకు కన్నకూతురు ఇంత భక్తిగా దండం పెడుతుందా? మా శాఖవారు నన్ను ఏకంగా స్వామిని చేశారు! అయినా శేషాచలం గారూ, ఈ హోదా నాకొద్దండీ. ఆ ఇంట్లో నాన్న పోస్టు ఒకటి రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. వీలైనంత త్వరగా నన్ను అందులో వేయించండి.