నా తలను నలుగురికి పంచిన వైనం

చుండ్రును మించిన ఆప్తబంధువు మనిషికి లేడు! నవ్వకండి. పదకొండేళ్లుగా ఒకే ఆఫీసులో, ఒకే బీరువా వెనక కూర్చున్నవాణ్ణి. అనుభవం మీద చెబుతున్నాను.

ఒకరోజు ఖర్మకాలి నల్ల చొక్కా వేసుకెళ్లాను. భుజాల నిండా తెల్లటి పొట్టు రాలింది. అంతే! ఏనాడూ నా వైపు చూడని మేనేజర్ నా కుర్చీ దగ్గరికే వచ్చేశారు.

"ఏమయ్యా, ఉల్లిపాయ రసం పట్టించు. మా బావమరిదికి వారంలో పోయింది" అన్నారు.

పోయింది చుండ్రో, జుట్టో అడిగే ధైర్యం నాకెక్కడిది?

మధ్యాహ్నానికి క్యాషియర్ నిమ్మకాయ అన్నాడు. టైపిస్టమ్మ పుల్లటి పెరుగంది. వాచ్‌మన్ తాతైతే వేపాకు తనే నూరి తెచ్చాడు. ఎవరిని కాదంటాం? అందుకే తలను పంచేశాను. నడినెత్తి మేనేజర్‌గారికి, కుడిపక్క క్యాషియర్‌కి, ఎడమపక్క టైపిస్టమ్మకి, వెనక భాగం తాతకి. పొద్దున్నే ఎవరి వాటా వాళ్లు తనిఖీ చేసుకునేవారు. "నావైపు తగ్గింది, చూశారా!" అని క్యాషియర్ అన్నందుకు టైపిస్టమ్మ రెండు రోజులు అలిగింది. నెత్తి భగ్గున మండితేనేం, నా తల కోసం మనుషులు అలిగారండీ!

ఇంట్లో మాత్రం మా ఆవిడ ముక్కు మూసుకుంది. "మీ పక్కన కూర్చుంటే కూరగిన్నెలో కూర్చున్నట్టుంది. పదండి డాక్టర్ దగ్గరికి!" అని లాక్కెళ్లింది.

చర్మవ్యాధుల డాక్టరమ్మ భూతద్దం పెట్టి రెండే నిమిషాలు చూసింది. "మామూలు చుండ్రేనండీ. ఈ మంట మీరు పూసినవాటి వల్ల. అవన్నీ ఆపేయండి. ఈ మందు షాంపూ వారానికి రెండుసార్లు పట్టించి, ఐదు నిమిషాలాగి కడుక్కోండి" అంది.

ఎంత కఠినాత్మురాలు! నెల తిరిగేసరికి ఒక్క పొట్టు మిగల్లేదు.

ఇప్పుడు నా నల్ల చొక్కా నిగనిగలాడుతోంది. మేనేజర్ బీరువా దాటి చక్కా వెళ్లిపోతున్నారు. క్యాషియర్ ఫోన్‌లోంచి తలెత్తడు. మొన్న జ్వరమొచ్చి మూడు రోజులు సెలవు పెట్టి తిరిగి వెళితే, నేను రాలేదన్న సంగతే ఎవరికీ తెలియదు. తలకేమైందని అడిగినవాళ్లే గానీ, ఎలా ఉన్నావని అడిగినవాళ్లు పదకొండేళ్లలో ఒక్కరూ లేరు. బాధగా ఉండదూ?

డాక్టరమ్మ మాట జవదాటను. షాంపూ మానను. రేపు మాత్రం ఆఫీసుకు బయల్దేరేముందు, మా ఆవిడ చూడకుండా భుజాల మీద చిటికెడు మైదాపిండి చల్లుకుంటాను. ఎవరైనా వచ్చి ఉల్లిపాయ అన్నారా, కుర్చీ లాగి కూర్చోబెడతాను.