వినీలా కంఠోద్ధరణము

తన గొంతు హత్యకు గురైందని వినీలకు ఆదివారం పొద్దున ఏడు దాటాక, కాఫీ గ్లాసు పెదవులకు అందే లోపల తెలిసింది.

శవం కళ్లెదుటే ఉంది. బల్ల మీద రేడియో వెలుగుతోంది, మైకు చేతిలో ఉంది, మాట నోట్లోంచి వెళుతోంది. కాని పంపిన శక్తిలో ఎంత వెనక్కి తన్నుతోందో చెప్పే మీటరు ముల్లు మాత్రం ఎర్ర గీత దాటి, అవతలి గోడకు ఆనుకుని, ఇక లేవనని పడుకుంది. ఆమె మాట మేడ మీది యాంటెన్నా దాకా పోయి, అక్కడ ఎవరో మెడబట్టి గెంటినట్టు మళ్లీ ఆ రేడియోలోకే వచ్చి పడుతోంది.

"లేవా అక్కా?" అన్నాడు స్పీకరులో జడ్సన్, నెల్లూరు నుంచి. "ఇది రెండో ఆదివారం. గుర్తు పెట్టుకుంటుండా."

ఆ కంఠహంతకుడి వేట చెప్పబోయే ముందు దేశకాలాలు స్మరించడం ధర్మం. ఉత్తరాన పెన్న కడలిని కౌగిలించే చోటు, దక్షిణాన పులికాటు నీటి మెరుపు, తూర్పున తరగని తరంగఘోష, పడమట జాతీయ రహదారి మీద లారీల ఘీంకారం, ఈ నాలుగు ఎల్లల నడుమ, కృష్ణపట్నం రేవు క్రేన్లు దిగ్గజాల్లా తొండాలెత్తి నిలిచిన దిక్కుకు కాస్త ఎడంగా, రొయ్యల గుంటల్లో గాలిచక్రాలు క్షీరసాగర మథనాన్ని రాత్రింబవళ్లు అభినయిస్తుండగా, ఇనుమును నమిలి, ఇత్తడిని మింగి, రాగి చేత పచ్చగా కక్కించే లవణమారుతం నిత్యం దండెత్తే ఒకానొక డాబా మీద, చిత్తకార్తె మేఘాలు తుఫాను కబుర్లు మోసుకొస్తున్న వేళ, ఈ మహాసంగ్రామం జరిగింది.

నాయిక వినీల రేవులో కంటెయినర్ల రాకపోకలు చూసే ఉద్యోగిని. లైసెన్సు పరీక్ష గెలిచి, ఇంట్లోంచే తీగలేకుండా ఊళ్లతో మాట్లాడే హామ్ రేడియో స్థాపించిన తరంగసామ్రాజ్ఞి. సోల్డరింగ్ ఐరన్ ఆమె ఖడ్గం, మల్టీమీటరు ఆమె డాలు. పోయిన తుఫానులో సెల్‌ఫోను టవర్లన్నీ నోళ్లు మూసుకున్న రాత్రి, ఏ దారి తెగిందో, ఏ వీధికి పడవ కావాలో నెల్లూరుకు చేరవేసింది ఈ డాబా మీది తీగ, ఈమె గొంతు. అందుకే ఈ కోస్తా హామ్‌లందరూ కలిసి ఆమెకు కంట్రోల్ స్టేషన్ పట్టం కట్టారు. తుఫాను వేళ అందరి మాటా ఆమె చేతిలో ఉంటుంది.

అయితే ప్రతి ఆదివారం పొద్దున గాలిలో హాజరు పలకాలి. వరసగా మూడు ఆదివారాలు పలక్కపోతే పట్టం రెండోవాడికి పోతుంది. "నోరు లేని స్టేషను తుఫానులో దేనికి?" అని ఆ నిబంధన పెట్టించింది సాక్షాత్తూ వినీలే. రెండోవాడు జడ్సన్. మంచివాడే. నెల్లూరులో కళ్లద్దాల షాపు. కాని తుఫానంటే షట్టరు దించి ఇంటికి పోవడమని అనుకునే టౌను మనిషికి, సముద్రం పెరట్లోకి వచ్చే ఊరి గోడు ఏం తెలుస్తుంది?

"ఏందమ్మాయ్, ఉలుకూ పలుకూ లేదా?" అన్నాడు వరండా మంచం మీద నుంచి మామ హజరత్తయ్య. "ఆ తీగ మీద గుడ్డలారేసుకోమంటే ఇనవు. అందుకన్నా పనికొచ్చు."

"మామా! ఆ తీగ జోలికి రాబాకని చెప్పినానా లేదా?"

"నాకేం పనమ్మా దాంతో!" అని హజరత్తయ్య దుప్పటి ముసుగేసుకున్నాడు, ఎండ ఎక్కుతున్న వేళ.

అంతట ఆ తరంగసామ్రాజ్ఞి కాఫీ గ్లాసు నేల మీద పెట్టి, కొంగు నడుముకు చుట్టి, కిటికీలోంచి సముద్రం వైపు తిరిగి, పుట్టింటి వారు, మెట్టినింటి వారు, నాలుగిళ్ల అవతలి వారు కూడా వినేటట్టు ప్రతిజ్ఞ చేసింది.

"ఒసే ఉప్పుగాలీ! నా కుక్కరు మూత తిన్నావు, ఊరుకున్నా. గేటు తిన్నావు, ఊరుకున్నా. ఇప్పుడు నా గొంతే తింటావా? వచ్చే ఆదివారం నీ ఎదమీద నిలబడి హాజరు పలక్కపోతే నేను వినీలనే గాదు. ఈ రేడియోను పాత సామాన్లోడికి ఉల్లిగడ్డలకేస్తా!"

"సగం ధరకన్నా అమ్ము," అన్నాడు భర్త పెంచలప్రసాద్, దోసె తుంచుకుంటూ. థర్మల్ ప్లాంటులో కంపెనీ వ్యాను నడిపే ఆ మహారథికి యుద్ధంలో సారథ్యం తప్ప వేరే ఆశ లేదు.

సోమవారం సాయంత్రం శంఖం మోగింది. అనగా, పెంచలప్రసాద్ వ్యాను హారను కొట్టాడు. దంపతులిద్దరూ డాబా ఎక్కారు. నడుమ ఇనుప స్తంభం, దాని నెత్తిన బావి గిలక, గిలక తాడుకు వేలాడే ప్లాస్టిక్ డబ్బా. ఒకప్పుడు ఆవకాయకు నిలయమైన ఆ డబ్బా ఇప్పుడు యాంటెన్నాకు గుండెకాయ. దాని లోపలి రెండు బోల్టుల నుంచి రెండు రాగితీగలు రెండు వైపులకూ రెక్కల్లా దిగుతాయి. అడుగున ఉన్న కనెక్టరుకు కిందనుంచి కేబులు వచ్చి తగులుతుంది. ఉప్పుగాలి సోకకుండా మూత బిగించి నల్ల టేపు చుట్టింది వినీలే. కనుక ఆ డబ్బాను అనుమానించడం ఆమెకు తోచలేదు. తన చేత్తో తాళం వేసిన ఇంట్లో దొంగ ఉంటాడని ఎవరనుకుంటారు?

ఆమె కత్తి కేబులు మీద పడింది. పడమటి గోడ వెంట పాకిన ఆ నల్లత్రాచు కుబుసం ఒలిచి చూస్తే, లోపలి రాగి అల్లిక కొన్నిచోట్ల పచ్చబడి ఉంది.

"దొరికినాడు బావా దొంగ!"

"వీడేనా? మొన్న ఎలక అన్నావు. అంతకుముందు రొయ్యల గుంటోళ్ల మోటారన్నావు."

"నువ్వు పట్టుకో, మాట్లాడబాక."

త్రాచు వధ ముగిసింది. కొత్త కేబులు వచ్చింది. కనెక్టర్లను ఉప్పుకాగితంతో రుద్ది, తగరం కరిగించి, సోల్డరు పొగ హోమధూమంలా కమ్ముకోగా ఒక్కో అతుకునూ పునఃప్రతిష్ఠించింది. బుధవారం నాటికి మీటరు ముల్లు ఎర్ర గీతను వదిలి, బడి పిల్లవాడిలా తన మూలకు వచ్చి కూర్చుంది. గురువారం సాయంత్రం జడ్సన్ పలికాడు: "అక్కా, పక్కింటి పిట్టగోడ మీద నుంచి మాట్లాడినట్టుండాది!"

ఆ రాత్రి విజయోత్సవం. చేపల వేపుడు. పళ్లెం ముందు కూర్చున్న పెంచలప్రసాద్ అటూ ఇటూ చూశాడు.

"నిమ్మకాయేది మే?"

"లేదు బావా."

"శనివారం నాయన గూడూరు నుంచి సంచి నిండా తెచ్చినాడే!"

"నాకేం తెలుసురా," అన్నాడు హజరత్తయ్య, చేప ముల్లు తీయడంలో మహా నిమగ్నుడై. "కుళ్లిపోయినాయేమో. ఈ కాలం నిమ్మకాయలు నిలవుండవు."

శనివారం మధ్యాహ్నం వినీల మళ్లీ పరీక్షించింది. ముల్లు చక్కగా ఉంది. సాయంత్రం ఆమె సంతకు పోయింది. హజరత్తయ్య గాలి కోసమని, చేతిలో సంచితో, మేడెక్కాడు. గాలికి సంచి దేనికని అడిగేవారు ఆ సమయంలో ఇంట్లో లేరు.

తెల్లవారింది. మూడో ఆదివారం. రాత్రంతా సముద్రపు మంచు కురిసి పిట్టగోడలు తడిసి ఉన్నాయి. వినీల తలంటుకుని, రేడియో ముందు కూర్చుని, మైకు నొక్కి, ముల్లు వైపు చూసింది.

ముల్లు ఎర్ర గీత దాటి పడుకుంది.

సరిగ్గా అప్పుడే స్పీకరులో జడ్సన్ గొంతు లేచింది. "అందరికీ శుభోదయం. చర్చి టైమైతాంది, బిరబిరా పలకండి. కావలి?"

హాజరు ఎప్పుడూ ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఆ తరువాత వినీల. ఆ నాలుగు ఊళ్ల ఎడమే ఆమెకు మిగిలిన ఆయుష్షు.

కళ్లు మూసుకుంది. కేబులు కొత్తది. కనెక్టర్లు కొత్తవి. రేడియో నిన్న బాగుంది. వారం నడుమ బాగుపడి, ఆదివారానికి చచ్చే జబ్బేమిటి? గాలికి వారాలు తెలుస్తాయా? తెలియవు. వారం చూసుకుని పనిచేసేది మనిషి. ఆ మనిషి చేయి పెట్టడానికి వీలున్న చోటు, తాను ఇంతవరకు విప్పని చోటు, ఒక్కటే మిగిలింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర స్క్రూడ్రైవరు లేదు కాబట్టి.

"బావా! ఇక్కడ కూర్చో. ఎవురు పలికితే వాళ్ల పేరు గట్టిగా అరువు. మైకు మాత్రం ముట్టుకోబాక, పైన నా చెయ్యి కాలతాది!"

అని, తడి జుట్టు జెండాలా ఎగురుతుండగా, మెట్లు రెండేసి చొప్పున లంఘించి, డాబా మీదికి దూకి, గిలక తాడు ముడి విప్పితే, ఆకాశం నుంచి దిగే విమానంలా ఆవకాయ డబ్బా కిర్రుకిర్రుమంటూ కిందికి వచ్చింది.

"కావలి అయిపోయినాడు!" కింద నుంచి కేక.

టేపు కొస గోటికి దొరకలేదు. పంటితో పట్టింది.

"అల్లూరు గూడా! బాగా దగ్గుతాండాడు!"

"దగ్గనీ!" అన్నది వినీల, నోట్లో టేపుతోనే. ఆ దగ్గు ఆమెకు దేవుడిచ్చిన వరం. మూత తిరగలేదు. చీర చెంగు చుట్టి, మడమలు సిమెంటులో తన్నిపెట్టి, మందరపర్వతాన్ని తిప్పినట్టు తిప్పింది. మూత ఊడింది.

లోపల ఎర్రగుడ్డ మూట.

రెండు బోల్టుల నడుమ కదలకుండా కుక్కి ఉంది. మూటలో కళ్లుప్పు, దాని పక్కనే నల్లదారానికి గుచ్చిన పచ్చిమిరపకాయలు, మధ్యన మిసమిసలాడే గూడూరు నిమ్మకాయ, ఒక బోల్టు దాని కడుపులోకి దిగి ఉంది. మూత సందులోంచి దూరిన రాత్రి మంచుకు ఉప్పు కరిగి, గుడ్డ తడిసి, నిమ్మరసంతో చేయి కలిపి, వేరువేరుగా ఉండవలసిన రెండు బోల్టుల మధ్య ఉప్పునీటి వంతెన కట్టింది. ఇక మాట తీగల మీదికి ఎక్కేదెక్కడ? వంతెన మీదుగా ఇవతలికే వచ్చేస్తుంది. వారం నడుమ ఎండకు మూట వట్టిపోయి, కాయ ఒడిలిపోయి, వంతెన కూలేది. శనివారం మళ్లీ కొత్తది వెలిసేది.

"ఇందుకూరుపేట!" అరిచాడు పెంచలప్రసాద్. "ముత్తుకూరు పలకతాండాడు, నువ్వు దిగు!"

వినీల మూటను పెరికి, బోల్టులను చెంగుతో తుడిచి, మూత పెట్టే తీరిక లేక డబ్బాను నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే పైకి లాగి, తాడు ముడేసి, ఒక చేత్తో నిమ్మకాయ పట్టుకుని మెట్ల మీద దొర్లినంత పని చేసి గదిలో పడింది.

"అక్కా, ఉండావా?" అంటున్నాడు జడ్సన్. గొంతులో నిజంగానే దిగులు ఉంది. "ఇంకొక్కసారి పిలుస్తా. నాకీ కంట్రోలు కిరీటం వద్దక్కా, షాపుతోనే చస్తాండా. పలకవా?"

మైకు నొక్కింది. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి, తన మూలకు పోయి బుద్ధిగా కూర్చుంది.

"ఉండాను జడ్సన్!"

మరుక్షణం స్పీకరు అదిరింది. "అయిదు తొమ్మిది అక్కా! అయిదు తొమ్మిది! గాజులు కూడా వినబడతాండాయి!"

స్పష్టతకు అయిదు, బలానికి తొమ్మిది. అంతకు మించిన మార్కులు రేడియో లోకంలో లేవు. సముద్రం ఆగలేదు, క్రేన్లు తలలు వంచలేదు, రొయ్యలు తలెత్తి చూడలేదు. అయినా, లవణమారుత గర్వభంజని, నల్లత్రాచు సంహారిణి, ఆవకాయడబ్బా విదారిణి అయిన వినీల ఆ ఉదయం తన పేరు పిలిస్తే "ఉండాను" అని పలకగలిగిందని, ఆ ఒక్క పదం నెల్లూరు దాకా చెక్కుచెదరకుండా చేరిందని, తుఫాను కాలానికి ఆ ఊరి నోరు ఆ ఊళ్లోనే నిలిచిందని దిక్కులు నాలుగూ విన్నాయి.

అప్పుడామె నిమ్మకాయను అరచేతిలో పెట్టుకుని వరండాలోకి వచ్చింది. మంచం మీద దుప్పటి కదిలింది.

"మామా. ఇదెవురి పని?"

దుప్పటిలోంచి మొదట జుట్టు, తరువాత రెండు కళ్లు, చివరకు హజరత్తయ్య బయటికి వచ్చాడు.

"నేనే కట్టినాలేమ్మా. అట్టా చూడబాక. పోయిన తుఫానుకు నువ్వు మాట్లాడబట్టి గదా నెల్లూరు నుంచి పడవలొచ్చినాయి? ఆ మాట టీ అంగడికాడ నేనే చెప్పినా. ఒకసారి గాదు, రోజూ చెప్పినా. మా కోడలి గొంతు సిలోను దాకా పోతాదని గూడా చెప్పినా. పోతాదో లేదో నాకేం తెలుసు! అది విని ఆ మాల్యాద్రి గ్లాసు కింద బెట్టి, 'అబ్బా, అంత దూరమా!' అని మన మేడ దిక్కు తేరిపార చూసినాడమ్మా. వాడు చూసి మెచ్చుకున్న గేదె మళ్లా ఈనలా. నరుడి కంటికి నల్లరాయి పగులుతాది, నీ తీగెంత? చెప్తే నవ్వుతావని, శనివారం శనివారం మేడెక్కి, డబ్బా లోపల పెట్టి, నీ మాదిరే టేపు చుట్టినా. జారిపోకుండా ఆ రెండు బోల్టుల మధ్యన బిగించింది గూడా నేనే. గుడ్డలారేసుకునే తీగ అని ఎందుకంటాననుకున్నావు? మనది మనం ఇంట్లో మెచ్చుకోకూడదు గదమ్మా, దిష్టి! సరే, తప్పే, తీసేసినావు. ఇంతకీ ఆ జడ్సనబ్బాయి, అయిదు తొమ్మిది అని అంత గట్టిగా, ఊరూరా ఇనేటట్టు అరిచినాడే. వాడసలే కళ్లద్దాలమ్మేవోడు. ఇప్పుడు వాడి దిష్టి ఎవురు తీస్తారు?"