నలభైతొమ్మిది న్యూటన్ల మహాసంగ్రామం

రసజ్ఞులారా, చెవులప్పగించండి! వేయిన్నీ తొమ్మిదివందల అరవైఏడు ఫిబ్రవరి మాసాన, మధ్యాహ్న మార్తాండుడు ఆబిడ్స్ సైన్‌బోర్డుల మీద భగభగలాడుతుండగా, నాంపల్లి రైలుకూతలు దిక్కులు పిక్కటిల్లజేస్తుండగా, ఆ రెంటి నడుమ వెలసిన ఒకానొక ఆడపిల్లల కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో, రెండుమార్లు పరాజిత, అయినా అకుంఠిత, హిమాయత్‌నగర కులదీపిక, పి.యు.సి. వసుమతి, స్ప్రింగు త్రాసుకు వేలాడుతున్న ఇనపదిమ్మ అనే దుర్నిరీక్ష్య రాక్షసుడి ఎదుట పెన్సిలాయుధపాణియై నిలిచింది!

త్రాసు ముల్లు నలభైతొమ్మిది న్యూటన్లంటోంది. అది వాడి బరువు, అంటే భూమి వాణ్ణి లాగుతున్న బలం. వాడి ద్రవ్యరాశి ఎంతో గంట కొట్టేలోగా తేల్చాలి. తేల్చకపోతే లెక్చరర్ ప్రభావతిగారు రికార్డులో సంతకం పెట్టరు. సంతకం లేనిదే హాల్‌టికెట్టు లేదు. ఇదే ఆఖరి అవకాశం.

బరువును g తో, అంటే భూమ్యాకర్షణ త్వరణంతో, భాగించాలని వీరాంగనకు తెలుసు. g ఎంత? ముప్ఫైరెండు! తండ్రి సోమయాజులుగారు రోజూ కాఫీతాగుతూ ఉపదేశించిన పితృదత్త దివ్యాస్త్రమది. ప్రయోగించింది. రాక్షసుడు కిలోన్నర అని తేలాడు. పక్కబల్ల నళిని, పుస్తకంలో ఇంకేదో అంకె ఉన్నట్టుందే అని గొణిగితే, వసుమతి జడ వెనక్కి విసిరి ఘోషించింది:

"పుస్తకాలు ఏటేటా మారతాయే. మా నాన్నగారి ముప్ఫైరెండు ఆకాశం ఊడిపడినా మారదు."

అంతట, మూల నిలబడి అద్దాలు తుడుస్తున్న అటెండరు, ఆజానుబాహుడు మొగులయ్య, గుడ్డ భుజాన వేసుకుని పలికాడు:

"కిలోన్నర ఏంది బిడ్డా. దినాం గా దిమ్మను మెట్లెక్కించేది నేనే. అయిదు కిలోలకు జర గూడ తక్కువుండదు. కిలోన్నరే అయితే నా నడుమెందుకు గుంజుతది?"

ఆ నడుం సాక్ష్యం వసుమతి గుండెల్లో పిడుగై పడింది. నాన్నగారు చదివింది అడుగుల, పౌన్ల కాలంలో! ముప్ఫైరెండు అడుగుల లెక్క. న్యూటన్ల పక్కన నిలవాల్సింది మీటర్ల లెక్క, తొమ్మిది పాయింట్ ఎనిమిది! ఒకవంక పితృభక్తి, ఒకవంక హాల్‌టికెట్టు. రబ్బరెత్తింది, కళ్లు మూసుకుని ముప్ఫైరెండును తుడిచేసింది! తొమ్మిది పాయింట్ ఎనిమిదితో ఖండించగా, ఆ నలభైతొమ్మిది శేషమన్నది మిగలకుండా కూలి, అయిదై నేల కరిచింది.

ప్రభావతిగారు వచ్చి కళ్లజోడు సవరించుకుని, "అయిదేమిటమ్మా? మామిడికాయలా?" అన్నారు.

గంట గణగణమంటుండగానే 'కిలోగ్రాములు' అని గీకేసింది వసుమతి. ఎర్రసిరా కదిలింది.

జయ జయ! రికార్డు పదకొండో పేజీ అడుగున, పొడవు ఒక అంగుళం, కాదు కాదు, రెండున్నర సెంటీమీటర్ల సంతకాన్ని జయించింది వసుమతి!