కొంచెం తగ్గిస్తే చాలు

ఒక్క కటింగ్, అంతే. ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకమంతా ఇదే. అన్నయ్య కుర్చీలో కూర్చుంటాడు, భర్త కటింగ్ చేస్తాడు. పని బాగుంటే సెలూన్ ఉంటుంది. బాగోలేదంటే తాళాలు అన్నయ్య జేబులోకి, రోగుల్ని చూసుకునే హోమ్‌లోకి భర్త. షాపు అద్దె కడుతున్న అన్నయ్య ఈ మాట మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పినవి ఆయన చేసి తీరుతాడు, అదే ఆమె భయం.

కొన్ని నెలల కిందట సెలూన్ బోర్డుకు రంగు వేస్తూ భర్త నిచ్చెన మీంచి తలకిందులుగా పడ్డాడు. డాక్టరు ఆమెకు విడమరిచి చెప్పాడు. "జ్ఞాపకం అంతా ఒక్కచోటే ఉండదమ్మా. జరిగిన సంగతులు ఒకచోట, చేతులు నేర్చిన పని ఇంకోచోట. మీవారికి మొదటిచోట దెబ్బ తగిలింది. ధ్యాస మళ్ళిందంటే కొత్తది నిలవదు. వెనకటి పదేళ్ళు కూడా పోయాయి."

వాళ్ళ పెళ్ళి ఆ పదేళ్ళలోనే ఉంది. రోజూ పొద్దున్నే ఆమె "నేను మీ భార్యని" అని చెబుతుంది. "అయ్యో, అలాగా! ఏమీ అనుకోకండి" అంటూ అతను మర్యాదగా దుప్పటి మడతపెడతాడు. ఆ మర్యాదే ఆమెను చంపేస్తోంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"అన్నయ్యా, ఆయన ఏమడిగినా కాదనకు. కంగారుపడితే చేతులు వణుకుతాయి."

"సరేలేవే. రేపు ఆఫీసులో గుర్తింపు కార్డుకి ఫొటో తీస్తారు. మనిషిలా కనబడితే చాలు."

భర్త గుడ్డ దులిపి అన్నయ్య మెడకు కట్టాడు. "ఎలా చెయ్యమంటారు సార్?"

"కొంచెం తగ్గిస్తే చాలు."

కత్తెర చప్పుడు వినగానే తెర వెనకున్న ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ చప్పుడు ఏమీ మారలేదు. పని కూడా బ్రహ్మాండంగా కుదిరింది. అన్నయ్య అద్దంలో చూసుకుని మురిసిపోతుండగా జేబులో ఫోను మోగింది. భర్త ఉలిక్కిపడి దువ్వెన జారవిడిచాడు. వంగి తీసుకుని లేచేసరికి, అతని లెక్కలో, కుర్చీలో ఎవరో కొత్త మనిషి.

"నమస్కారం సార్. ఎలా చెయ్యమంటారు?"

అన్నయ్య నోరు తెరిచాడు. చెల్లెలి మాట గుర్తొచ్చి మింగేశాడు. "కొంచెం... తగ్గిస్తే చాలు."

కొంచెం తగ్గింది. వీధిలో ఎవరో హారన్ కొట్టారు. మళ్ళీ నమస్కారం, మళ్ళీ కొంచెం. గాలికి తలుపు కొట్టుకుంది. ఇంకో నమస్కారం, ఇంకో కొంచెం. కార్డు ఫొటో కళ్ళ ముందు కదిలి అన్నయ్యకు చెమటలు పట్టాయి.

ఆమె ఇక ఉండబట్టలేక తెర తోసుకుని వచ్చేసింది. "ఆగండి! చాలు!"

భర్త ఆమెవైపు తిరిగి నవ్వాడు. "రండమ్మా, కూర్చోండి. ఈ సార్‌ది ఇప్పుడే మొదలుపెడుతున్నాను."

"మొదలా!" అన్నయ్య సగం లేచాడు. "వద్దు బాబూ! నాకు అసలేమీ వద్దు!"

"అసలేమీ వద్దా? అలాగే సార్." భర్త ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి మెషీన్ అందుకున్నాడు. ఆ పనితనానికి వంక పెట్టేందుకు లేదు. తలమీద ఒక్క వెంట్రుక మిగిలితే ఒట్టు.

అన్నయ్య గుడ్డ లాగి విసిరేశాడు. "ఇక చాలు. తాళాలియ్యి." ఆమె ఇచ్చేసింది. అన్నయ్య షట్టర్ సగం దించేసరికి ఆమె బెంచీ మీద కూలబడి బావురుమంది.

"ఈ షాపులో ఉన్నంతసేపే ఈయన మా ఆయనలా ఉంటాడు అన్నయ్యా. ఇది కూడా తీసేస్తే నాకేం మిగులుతుంది?"

"ఎందుకమ్మా ఏడుస్తున్నారు?" భర్త ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. అతని బొటనవేలు తిన్నగా ఆమె ఎడమచెవి కిందికి వెళ్ళి ఒత్తింది. ఏడిస్తే ఆమెకు తలనొప్పి పట్టుకునేది అక్కడే. పెళ్ళయిన కొత్తలోనే అతను కనిపెట్టిన చోటు. ఆమె బిగుసుకుపోయింది.

"క్షమించండి," అన్నాడు భర్త బెదిరిపోయి. "చెయ్యి దానంతటదే వెళ్ళింది."

"తియ్యకండి," అంది ఆమె. "కాసేపు అలాగే ఉంచండి."

అన్నయ్య షట్టర్ పైకి తోశాడు, తాళాలు అద్దం ముందు పెట్టాడు. ఆ చప్పుడుకు భర్త తిరిగి చూసి గుండెలు బాదుకున్నాడు.

"అయ్యయ్యో! ఎవడు సార్ మీకిలా చేసింది? అలాంటివాడి షాపు మూయించెయ్యాలి!"

"పోనీలెండి," అన్నాడు అన్నయ్య గుండు తడుముకుంటూ. "మావాడే."